పెనుకొండ స్వామి పేరే

మీరే చేశారు. ఇంకెవరూ కాదు. నొప్పులు పడింది ఆడది, నెత్తురు పోయింది ఆడదానికి, కన్నది ఆడది. బిడ్డ చేతికి చుట్టిన ప్లాస్టరు మీద మాత్రం మొగుని పేరు రాశారు. అదైనా సరిగ్గా రాశారా అంటే అదీ లేదు. పది నెలలుగా ఇద్దరు తల్లులు ఒక బిడ్డను చెరొక వారం పంచుకుని పెంచుతున్నారంటే ఆ తప్పు తలరాతది కాదు, గ్రహాలది కాదు. తెల్లకోటు తొడుక్కుని వార్డు కొసదాకా నడవడానికి కూడా బద్ధకించిన మీది.

జరిగింది మరిచిపోయినవాళ్ళ కోసం మళ్ళీ చెప్పాలి. చెప్తుంటే ఒళ్ళు మండుతుంది, అయినా చెప్పాలి.

హిందూపురంలో పట్టుగూళ్ళు ఉడకేసి దారం తీసే రాబియా, పెనుకొండ పక్క పల్లెలో చెనక్కాయ చేలకు కూలికి పోయే రామక్క ఒకే మంగళవారం ఒకే ప్రసూతి ఆసుపత్రిలో ఆడపిల్లల్ని కన్నారు. రాబియా మొగుడు ఫకీర్ సాబ్. రామక్క మొగుడు ఫకీరప్ప. మన వైపు ఇందులో వింతేమీ లేదు. అందరూ పెనుకొండ స్వామి అని కొలిచే ఫకీరు, దర్గాలోని బాబయ్యకు మొక్కుకుంటే పుట్టినవాడు సాయిబుల ఇంట పుట్టినా, కాపుల ఇంట పుట్టినా, మగ్గాలవాళ్ళ ఇంట పుట్టినా ఫకీరే. బిడ్డల్ని తల్లుల పక్కన ఉంచకుండా వేరే గదిలో బల్బుల కింద వరసగా పడుకోబెట్టారు. గురువారం మధ్యాహ్నం ఒక బిడ్డ పోయింది. "ఫకీరు బిడ్డ పోయింది" అని కేకేశారు. ఏ ఫకీరు అంటే పట్టీ చూశారు, ఫకీరు అని మాత్రమే ఉంది. బతికిన బిడ్డ చేతి మీదా ఫకీరు అనే ఉంది. రక్తం గ్రూపులు చూశారు. ఇద్దరిలో ఎవరి బిడ్డ అయినా కావచ్చునని తేల్చి చేతులు కడుక్కున్నారు.

ధర్మవరం మగ్గాల వీధి యల్లక్క లేకపోతే కథ అక్కడే ముగిసిపోయేది. ఆమె కోడలు రత్నమ్మ కూడా ఆ మంగళవారమే ఆ వార్డులోనే కనింది. గురువారం పొద్దున్నే కోడల్నీ మనవరాల్నీ ఇంటికి తీసుకుపోయింది కాబట్టి వాళ్ళకు ఈ గోల అంటలేదు. అయినా సంగతి తెలిసి, మగ్గం ఆపేసి వచ్చి, ఆసుపత్రి గేటు ముందు ఆ ఇద్దరు తల్లులతో పదిహేను రోజులు కూర్చుంది. నిజం తేలేదాకా బిడ్డ చెరొక వారం అనే ఒప్పందం ఆమె సాధించిందే. హైదరాబాదులో కొత్తగా వచ్చిన పరీక్ష చేయించి తీరాలని పట్టుబట్టిందీ ఆమే. పోయిన భాగంలో బిడ్డా, రెండు జంటలూ హైదరాబాదు పోయి రక్తం ఇచ్చి వచ్చారు. ఇప్పుడు ఆ రిపోర్టు వచ్చింది.

శుక్రవారం పొద్దున పది గంటలు. పెనుకొండ ప్రయాణికుల బంగళాలో ముందు గది. బల్లకు ఆ పక్క అనంతపురం నుంచి వచ్చిన విచారణాధికారి. ఆయన పక్కనే ఇంకో కుర్చీలో ఆసుపత్రి పెద్ద డాక్టరు. విచారణ ఎవరి మీదో ఆయనే, విచారించేవాడి భుజానికి భుజం ఆనించి కూర్చున్నాడు. కుర్చీలు వేసేటప్పుడే తీర్పు సగం రాసేస్తారు మన దగ్గర.

ఈ పక్క నేల మీద జంపఖానా. మొగుళ్ళిద్దరూ వరండాలో బీడీ పంచుకుంటున్నారు. ఈ వారం వంతు రామక్కది, బిడ్డ ఆమె ఒళ్ళో ఉంది. రాబియా కట్టిన తాయెత్తు మొలతాడుకు అట్లాగే ఉంది. రామక్క పెట్టిన దిష్టిచుక్క బుగ్గ మీద ఉంది. ఒకామె జమ్రూద్ అని పిలుస్తుంది, ఒకామె ఫకీరమ్మ అని. బిడ్డ రెండు పేర్లకూ తల తిప్పుతుంది.

"ఏం పెడ్తాండావు బిడ్డకు? వారానికే ఇంత సన్నగయింది" అంది రాబియా.

"రాగిసరి తాగిస్తాండా. నీ మాదిరి చాయలో బన్ను నానబెట్టేది మాకు రాదు."

"అందుకే మా ఇంటికొచ్చిన రోజు బన్ను చూసి ఎగురుతాది."

"ఎగిరేది బన్ను చూసి. రాత్రికి ఏడ్చేది నాకోసం."

యల్లక్క ఇద్దరి మధ్యా చెయ్యి అడ్డం పెట్టింది. "ఊరుకోండమ్మా. మీరు కొట్లాడాల్సినోడు కుర్చీలో ఉండాడు."

పెద్ద డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "రిపోర్టు వచ్చింది. ఏమీ తేలలేదు. పరీక్ష కొత్తది, వాళ్ళకే ఇంకా సరిగ్గా రాదు. ఎన్నాళ్ళని ఈ పసిదాన్ని బస్సుల్లో తిప్పుతారు? రెండు చీటీలు రాసి ఉంచాను. బాబయ్య దర్గా ఎదురుగానే ఉంది. దండం పెట్టుకుని బిడ్డ చేతే ఒకటి తీయిద్దాం."

బల్ల మీద స్టీలు పళ్ళెంలో నిజంగానే రెండు మడిచిన కాగితాలు ఉన్నాయి. ముందే రాసి తెచ్చాడు. ఆ పళ్ళేన్ని చూసినప్పుడు యల్లక్క మొహంలో రంగు మారింది.

"డాక్టరు చదువు నువ్వు చీటీ తీసి పాసయినావా సామీ?"

"మర్యాదగా మాట్లాడు."

"మర్యాదగానే అడుగుతాండా. సామీ అన్నాను గదా. చీరల లాటరీకి చీటీ తీస్తారు, బిడ్డకు తీస్తారా? హైదరాబాదు దాకా పోయి ఐదుమంది నెత్తురిచ్చొచ్చింది ఈ పళ్ళెం కోసమా?"

గది మూలన స్టూలు మీద కూర్చున్న సన్నపాటి మనిషి అప్పుడు లేచాడు. పేరు ఏసుదాసు. హైదరాబాదు ల్యాబు నుంచి రిపోర్టు పట్టుకుని వచ్చినవాడు. పొద్దున్నుంచీ ఆయన్ను ఎవరూ ఒక మాట అడగలేదు.

"సార్, తేలలేదని నేను రాయలేదు" అన్నాడు. "తేలింది. ఆ కాగితం రెండో పేజీ మీరు చదవలేదు."

విచారణాధికారి తల ఎత్తాడు. పెద్ద డాక్టరు ఎత్తలేదు.

"నీది ఏ ఊరప్పా?" అంది యల్లక్క.

"తలుపుల. మన జిల్లానే."

"మనోడివే. అయితే ఇంగ్లీషు పక్కన పెట్టి మా ముగ్గురికీ తెలిసేటట్లు చెప్పు. వాళ్ళు వింటే వింటారు, లేకుంటే లేదు."

ఏసుదాసు కిందికి వచ్చి జంపఖానా అంచున కూర్చున్నాడు. కుర్చీల వైపు చూడకుండా రాబియా చేతుల వైపు చూస్తూ చెప్పాడు. వేడినీళ్ళ తొట్టిలో నాని నాని ఆ వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"నెత్తుట్లో తెల్లకణాలని ఉంటాయమ్మా. వాటిని పగలగొట్టి, మురికంతా కడిగి, చల్లటి స్పిరిటు పోస్తాము. అప్పుడు తెల్లగా పోగు మాదిరి పైకి తేలుతాది. గాజుపుల్ల పెట్టి తిప్పితే దానికి చుట్టుకుంటాది. దాన్నే డీఎన్ఏ అంటారు."

"గూడు ఉడికినాక కొస దొరికినట్ల" అంది రాబియా నెమ్మదిగా.

"అట్లే. మనిషి యెట్లుండాలో అంతా ఆ పోగులో రాసుంటాది. సగం తల్లిది, సగం తండ్రిది. ఇంకెవరిదీ ఉండదు. ఆ పోగును ఒక రకం కత్తెర మందుతో కత్తిరిస్తాము. అది యాడబడితే ఆడ కత్తిరించదు, దానికి గుర్తున్న చోటే కత్తిరిస్తాది. ఒక్కో మనిషి పోగులో ఆ చోట్లు ఒక్కో దూరంలో ఉంటాయి కాబట్టి తునకలు చిన్నవీ పెద్దవీ వస్తాయి. ఆ తునకల్ని జున్ను మాదిరి ఉండే పలకలో ఒక కొసన పోసి కరెంటు పెడితే ఇంకో కొసకు పరిగెత్తుతాయి. చిన్న తునక ముందు పోతాది, పెద్దది వెనకబడతాది. అట్ల వరసలు కట్టినాక వాటి మీద నైలాను గుడ్డ పరిచి అద్దుతాము. ఎట్లున్నవి అట్లే గుడ్డకెక్కుతాయి. తర్వాత కిరణాలొచ్చే మందు పట్టించి, ఎక్స్‌రే ఫిలిం కింద కొన్నాళ్ళు చల్లగా పెడితే నల్లటి గీతలు పడతాయి."

సంచిలోంచి గోధుమరంగు కవరు తీసి అందులోంచి ఫిలిం బయటికి లాగాడు. యల్లక్క దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని కిటికీకి ఆనించి పట్టుకుంది. ఎండ వెనక నుంచి కొట్టింది. నిలువుగా ఐదు వరసలు. ఒక్కో వరసలో అడ్డంగా నల్లటి గీతలు, కొన్ని లావు, కొన్ని సన్నం, కొన్ని జంటగా.

నలభై ఏళ్ళుగా పట్టుచీర అంచుల్లో దారాలు లెక్కపెట్టిన కళ్ళు అవి. ఒక్క పోగు తప్పితే మూడు బారల అవతల నుంచి పట్టేస్తాయి.

"ఏది ఎవరిది?"

"మొదటిది రాబియమ్మది, రెండోది ఫకీర్ సాబ్‌ది. నడిమిది బిడ్డది. ఆ పక్క రామక్కది, ఫకీరప్పది."

"బిడ్డ గీతల్లో ప్రతి ఒక్కటీ అమ్మదో నాయనదో అయ్యుండాల. అంతేనా?"

"అంతే. ఒక్కటి కూడా పైనుంచి ఊడిపడదు."

యల్లక్క గోడ వారగా ఉన్న చీపురులోంచి ఒక పుల్ల విరిచింది. దాన్ని ఫిలిం మీద అడ్డంగా పెట్టి, బిడ్డ వరసలో పైగీత దగ్గర మొదలుపెట్టి ఒక్కో గీతా కిందికి జరిపింది. పెదాలు కదులుతున్నాయి. బిడ్డ రామక్క గాజులు లాగుతూ ఏదో తనలో తాను చెప్పుకుంటోంది.

మొదట రాబియా, ఫకీర్ సాబ్‌ల వైపు. పద్నాలుగు గీతల్లో ఐదు కలిశాయి. యల్లక్క మళ్ళీ పైనుంచి వచ్చింది. ఐదే.

రాబియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రామక్క బిడ్డను దగ్గరికి లాక్కుంది. ఆమె మొహంలో గెలుపు ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు, అప్పటికే యల్లక్క పుల్లను ఆ పక్కకు జరిపింది.

ఆరు. పద్నాలుగింట్లో ఆరు.

"ఏసుదాసూ, మిగతావి యాడికి పోయినాయి?"

"అదే రెండో పేజీలో రాసినాను" అన్నాడు ఏసుదాసు. "ముక్కూమొహం తెలియనోళ్ళకు కూడా కొన్ని గీతలు కలుస్తాయి. బిడ్డవి అన్నీ కలవాల. ఈ బిడ్డ వాళ్ళకు పుట్టలేదు, వీళ్ళకూ పుట్టలేదు."

పెద్ద డాక్టరుకు ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చింది. "చూశారా? నేను చెప్పలేదా? రక్తం సీసాలు తారుమారయ్యాయి. ఈ పరీక్షలన్నీ ఇంతే."

"మా దగ్గర తారుమారు కావు సార్." ఏసుదాసు గొంతు పెరగలేదు, గట్టిపడింది. "ఐదుమందినీ ఎదురుగా కూర్చోబెట్టి నెత్తురు తీసినాము. సీసా మీద వాళ్ళ సొంత పేరు రాసి, ఫోటో తీసి, వేలిముద్ర వేయించినాము. పుట్టి నెలలైన బిడ్డకైతే కాలిముద్ర. పరీక్ష రెండు తూర్లు వేరే వేరేగా చేసినాము. రెండు ఫిలిములూ ఒకటే చెప్పినాయి. సీసా మీద మొగుని పేరు రాసే అలవాటు మాకు లేదు."

చెంపదెబ్బ కొట్టినట్టు ఉంది ఆ మాట. కానీ ఆ సంతోషం ఎవరికీ మిగల్లేదు. రామక్క అప్పటికే బిడ్డను రెండు చేతులతో ఒళ్ళోకి అదుముకుని ఊగుతోంది. రాబియా మోకాళ్ళ మీద జరుగుతూ ఆమె దగ్గరికి పోయింది. పది నెలల్లో మొదటిసారి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"అయితే నాది పోయినట్లేనా అక్కా?" అంది రాబియా. "లేకుంటే నీదా?"

"ఇది నాది కాకుంటే ఎవరిది" అంది రామక్క. "చెప్పమను. ఎవరిది."

యల్లక్క వెనక్కి తిరిగింది. తలుపు పక్కన ఒదిగి నిలబడిన సిద్ధమ్మను చూసింది. ఆసుపత్రి ఆయా. ఆ మంగళవారం పిల్లల గదిలో ఉన్నది ఈమే. పది నెలలుగా అందరూ ఈమెను దొంగను చూసినట్టు చూశారు, ఒక్కరూ కూర్చోబెట్టి అడగలేదు.

"సిద్ధమ్మా, నిన్నేమీ అనను. చేతికి పట్టీ రాసింది నువ్వే గదా. పేరెట్ల అడిగితివి, వాళ్ళేమని చెప్పిరి, ఆ ఒక్కటి చెప్పు."

సిద్ధమ్మ పెద్ద డాక్టరును చూసింది. తర్వాత నేలను చూసింది.

"మొగుని పేరు రాయాలని ఆర్డరు. అడిగితే ఏ ఆడది చెప్తాదక్కా మొగుని పేరు? నువ్వు చెప్తావా? నోట్లో కొంగు పెట్టుకోని నవ్వుతారు. నొప్పుల్లో ఉండి కూడా నవ్వుతారు. మళ్ళీ గట్టిగా అడిగితే, 'పెనుకొండ స్వామి పేరే' అనిరి. స్వామి పేరంటే ఫకీరే గదా. ఫకీరు అని రాస్తి."

"నేను అట్లే అంటి" అంది రాబియా.

"నేనూ అంతే" అంది రామక్క. "ఇంకెట్ల చెప్తారు?"

"ఆ పొద్దు అట్ల ఎంతమంది అనిరి?" అంది యల్లక్క.

సిద్ధమ్మ వేళ్ళు మడిచింది. రెండు మడిచి ఆగింది. మూడోది మడిచింది.

విచారణాధికారి తన కాళ్ళ దగ్గరున్న గుడ్డమూట వైపు చూశాడు. చెదలు తినిందని ఆసుపత్రివాళ్ళు పది నెలలుగా చెప్తూ వచ్చిన పుట్టుకల రిజిస్టరు అది. పోయిన వారమే బీరువా తాళం పగలగొట్టించి తెప్పించాడు, ఇంకా మూట విప్పలేదు. ఇప్పుడు విప్పాడు. చెద ఒక్కటి కూడా పట్టలేదు. మంగళవారం పేజీ దగ్గర వేలు పెట్టి చదివాడు.

"ఫకీరు భార్య, హిందూపురం, ఆడ. ఫకీరు భార్య, పెనుకొండ, ఆడ." ఆయన వేలు ఇంకో వరస కిందికి దిగింది. "ఫకీరు భార్య, ధర్మవరం, ఆడ. గురువారం ఉదయం డిశ్చార్జి."

"అంతే ఉందా?" అన్నాడు పెద్ద డాక్టరు ఆత్రంగా. "ఇంటి నంబరు లేదు, వీధి లేదు. అంత పెద్ద ధర్మవరంలో ఎవరని వెతుకుతాం? ఫకీరు అన్నవాడు వీధికి పదిమంది ఉంటారు. వాళ్ళ బిడ్డతో వాళ్ళు హాయిగా ఉన్నారు, వీళ్ళకూ అలవాటైన బిడ్డే. లేనిపోని ఇంకో ఇల్లు ఎందుకు కూల్చడం? నా మాట విని ఆ చీటీ..."

యల్లక్క ఆ మాట వినడం లేదు. చీపురుపుల్ల చేతిలోంచి జారిపోయింది.

ఆమె ఒక్కగానొక్క కొడుకును వీధంతా చిన్నప్ప అంటుంది. పెళ్ళిపత్రికలోనూ చిన్నప్పే, నేతగాళ్ళ సంఘం పుస్తకంలోనూ చిన్నప్పే. ముగ్గురు పిల్లలు పోయినాక పెనుకొండ స్వామికి మొక్కితే దక్కినవాడు. తొట్టిలో వేసిన రోజు పెట్టిన పేరు ఫకీరయ్య. స్వామి పేరు పెట్టి తిట్టకూడదని, కొట్టకూడదని, తిట్టుకోవడానికి వీలుగా చిన్నప్ప అని ఇంకో పేరు పెట్టుకున్నారు. ముప్ఫై ఏళ్ళలో ఆ మొదటి పేరు ఆమె నోటికే అరుదైపోయింది. మొగుని పేరు అడిగితే రత్నమ్మ మాత్రం ఏం చెప్పి ఉంటుంది? కొంగు నోట్లో పెట్టుకుని నవ్వి ఉంటుంది.

ఆ గురువారం పొద్దున. ధర్మవరం బస్సుకు టైమవుతోందని సిద్ధమ్మను తొందరపెట్టింది ఎవరు? పిల్లల గది గుమ్మంలో నిలబడి, "ఏది మా బిడ్డ, ఇయ్యి ఇయ్యి" అని రెండు చేతులూ చాచింది ఎవరు? ఆ చేతులు ఇవే. గుడ్డలో చుట్టి ఇచ్చిన బిడ్డ చేతి పట్టీ చదవలేదు. ఇంటికి పోయి జాలాట్లో బండ మీద నీళ్ళు పోసేటప్పుడు పీకి తూములో పారేసింది. పదిహేను రోజులు గేటు ముందు కూర్చుని వాళ్ళను వీళ్ళను తిట్టిన నోరు, ఆ ఒక్క పట్టీ చదవడానికి మాత్రం తెరుచుకోలేదు.

ఇంట్లో గౌరి ఉంది. వచ్చిన రెండు పళ్ళతో ఈ పొద్దు బయలుదేరేటప్పుడే అవ్వ వేలు కొరికింది. మగ్గం మీది పడుగు కింద దూరి దారపు కండెలు దొర్లించుకుని ఆడుతుంది. మగ్గం చప్పుడు ఆగితే నిద్రలేచి ఏడుస్తుంది.

గదిలో ఎవరికీ తెలియదు. చిన్నప్పే ఫకీరయ్య అని ఇక్కడ తెలిసింది ఆమె ఒక్కదానికే. నోరు మూసుకుని బస్సెక్కితే చాలు. డాక్టరు ఆ దారి పరిచే పెట్టాడు.

ఆమె రామక్క ఒళ్ళో ఉన్న బిడ్డను చూసింది. తాయెత్తు, దిష్టిచుక్క. ఆ రెండింటి మధ్య నుంచి చిన్నప్ప నుదురు, చిన్నప్ప చెవులు. పది నెలలుగా ఎదురుగా ఉన్నవే.

"ఏమక్కా, అట్ల నిలబడితివి?" అంది రాబియా. "నువ్వే మాట్లాడకుంటే మాకు ఎవరుండారు?"

యల్లక్క బల్ల దగ్గరికి నడిచింది. స్టీలు పళ్ళెంలోని రెండు చీటీలూ తీసి నలిపి డాక్టరు ముందు పెట్టింది.

"రాసుకో సారూ" అంది అధికారితో. "మూడో ఫకీరు యాడున్నాడని వెతకాల్సిన పని లేదు. ఫకీరయ్య, నేసే పని, మగ్గాల వీధి, ధర్మవరం. నా కొడుకు. ఆ పొద్దు బిడ్డను చేతులు చాచి తీసుకున్నది నేను. నా పేరూ రాయి. మొగుని పేరు కాదు, యల్లక్క అని రాయి."

అధికారి కలం ఎత్తాడు కానీ రాయలేదు. రాబియా, రామక్క ఇద్దరూ ఒకేసారి లేచి నిలబడ్డారు. ఇద్దరి కళ్ళూ యల్లక్క మీదనే ఉన్నాయి. ధర్మవరంలో మగ్గం కింద ఆడుకుంటున్న బిడ్డ ఈ ఇద్దరిలో ఒకరిది. ఇంకొకరి బిడ్డ పది నెలల కిందటే మట్టిలో కలిసిపోయింది. ఎవరిది ఏదో ఇంకా ఏ ఫిలిం మీదా పడలేదు.

యల్లక్క వాళ్ళ వైపు చూడలేకపోయింది. అధికారినే చూస్తూ చెప్పింది.

"పన్నెండున్నరకు ధర్మవరం బస్సుండాది. ఈ తూరి ఎవరూ వాయిదా ఎయ్యొద్దు. ఏసుదాసు రావాల, నువ్వు రావాల, ఈ డాక్టరూ రావాల, ఆ గుమ్మంలో నిలబడి నా కోడలికి ఆయన నోటితోనే చెప్పాల. నా కొడుకునీ, కోడల్నీ, మా గౌరినీ రేపే హైదరాబాదు పంపించి నెత్తురు తీయించండి. సీసా మీద బిడ్డ పేరు పక్కన రత్నమ్మ పేరు రాయండి. లేయండి."